అబద్ధాలనుకున్నాం

మా కొత్తవలసలో వరసకి మావయ్య ఒకాయన ఉండేవాడు. ఏళ్ళ తరబడి సారా తాగాడు. చివరికి పొద్దున్న ఏం తిన్నావని అడిగితే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడు. అబద్ధాలకోరు అనేసుకున్నాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు (1997లో ఎత్తేశారు లెండి). మావయ్య మానేశాడు. జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు.

అది జబ్బని రష్యా డాక్టరు కోర్సకాఫ్ 1887లోనే రాశాడట! తాగుడు వల్ల బి1 విటమిన్ ఒంటికి అందక మెదడు దెబ్బతింటుంది. మన భాషలో చెప్పాలంటే పాత డేటా చాలావరకు ఉంటుంది, కొత్తది సేవ్ అవదు. ఖాళీల్లో మెదడే కథలు నింపుతుంది.

మత్తు దిగాక కూడా తూలుతున్నా, చూపు తేడాగా ఉన్నా, అయోమయంగా మాట్లాడినా ఆస్పత్రికి పరిగెత్తండి. బి1 ఇంజెక్షన్ సకాలంలో పడితే మెదడు దక్కచ్చు. మేం తిట్టుకుంటూ కూర్చున్నాం.