పట్టింది గానీ గుర్తుపట్టలేదు

"అన్నా, ప్రాసెసర్ మార్చిన, డిస్‌ప్లే వస్తలేదు."

పనిలో చేరిన కొత్తలోనే ఈ మాట విన్నాను. మొన్న శనివారమూ విన్నాను. ఈ రెండింటి మధ్యా పాతికేళ్లు దాటిపోయాయి. మా లైన్లో కంప్యూటర్ చెడిపోయిందని ఎవరూ అనరు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. దాన్ని "నో డిస్‌ప్లే" అంటాం. బయటివాళ్లకేమో డబ్బా మొత్తం సీపీయూయే. "సీపీయూ మార్చాను" అని ఎవరైనా ఫోన్ చేస్తే, మార్చింది డబ్బానా, లోపలి చిప్పునా అని ముందు తేల్చుకోవాలి.

నేను పని నేర్చింది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లు దింపేస్తారు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్డు ఎలాగో మాకు ఇది అలాగ. నేను చేరిన 1998లోనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. పేపర్ల నిండా ఆ గుండ్రటి బిల్డింగే. అక్కడ సాఫ్ట్‌వేరు, ఇక్కడ స్క్రూడ్రైవరు. మేం బిగించిన అసెంబుల్డ్ డబ్బాల మీద టైపు కొట్టి నేర్చుకున్న పిల్లలు ఆ మెట్లెక్కారు. ఆ సంగతి ఏ పేపరూ రాయలేదు లెండి.

అప్పటికి ఇంకా జంపర్ల కాలం పోలేదు. జంపర్ అంటే బోర్డు మీది రెండు పిన్నులను కలిపే బియ్యపు గింజంత టోపీ. ప్రాసెసర్ వేగం, దానికి అందే వోల్టేజీ ఈ టోపీలతోనే చెప్పాలి. 1997లో వచ్చిన ఎంఎంఎక్స్ పెంటియం చిప్పు లోపలి భాగానికి 2.8 వోల్టులు చాలు. అంతకుముందటి పెంటియంకి 3.3. సాకెట్ ఒకటే, దూరడం బాగానే దూరుతుంది. పాత బోర్డులో పెట్టి జంపర్ మార్చడం మరిచిపోతే చిప్పు పెనంలా కాలేది. ఇంకో తమాషా: 233 ఎంఎంఎక్స్‌కి బోర్డు మీద 1.5 దగ్గర టోపీ పెట్టాలి, చిప్పు దాన్ని 3.5గా చదువుకుంటుంది. 66.67ని మూడున్నరతో గుణిస్తే 233. ఇది తెలియక ఎన్ని మంచి చిప్పులు "డెడ్" అని వెనక్కి వచ్చాయో. మా ఉస్తాద్ ఏ బోర్డుకి ఏ జంపరో ఒక పొడుగు పద్దుల పుస్తకంలో రాసి పెట్టుకునేవాడు. దాన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నా వంతు 2000లో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఇన్‌స్టిట్యూట్ సార్ తన 366 సెలెరాన్ ప్రాసెసర్ మార్చి 533 వేయమన్నాడు. నేనే షాపుల్లో తిరిగి చిప్పు తెచ్చాను. 370 పిన్నులూ సాకెట్‌లో మెత్తగా దిగాయి, లివర్ పడింది, ఫ్యాన్ తిరిగింది. డిస్‌ప్లే లేదు. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచాను. మా లైన్లో ఏ జబ్బుకైనా మొదటి మందు అదే. డిస్‌ప్లే కార్డు మార్చాను. బోర్డు మీది బటన్ సెల్ పీకి పది నిమిషాలు ఆగి పెట్టాను. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్చాను. రెండు గంటలు గడిచాయి. ఉస్తాద్ చాయ్ గ్లాసుతో వచ్చి హీట్‌సింక్ తీసి ఒక్కసారి చూశాడు.

"దీని నెత్తి చూసినవారా?"

పాత 366 నెత్తి మీద వెండిరంగు రేకు ఉంది. కొత్తదానికి రేకు లేదు, ఆకుపచ్చ పలక మధ్యలో గోరంత నీలి ముక్క మెరుస్తోంది. బిల్లు మీద 533 అని ఉంది. చిప్పు మీద 533ఎ అని ఉంది. ఆ ఒక్క "ఎ" అక్షరంలో ఉంది మొత్తం కథ. ఎ లేనిది పాత మెండొసీనో రకం, 2 వోల్టులది. ఎ ఉన్నది కాపర్‌మైన్ రకం, వోల్టున్నరది. పిన్నుల లెక్క ఒకటే అయినా కొన్ని పిన్నుల అర్థం మారిపోయింది. 1999 బోర్డుకి ఆ కొత్త అర్థాలేవీ తెలియవు.

"పట్టుడు వేరు, గుర్తుపట్టుడు వేరు బిడ్డా," అన్నాడు ఉస్తాద్. సాయంత్రానికి ఎ లేని 533 వెతికి తెచ్చాను. తేడా సొమ్ము నా జేబులోంచే పోయింది.

బోర్డు ఎలా గుర్తుపడుతుంది? దాని మీద ఒక చిన్న చిప్పులో బయోస్ ఉంటుంది. ఈ పేరు గ్యారీ కిల్డాల్ తన సీపీఎం ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడింది, 1981లో ఐబీఎం పీసీ రాకముందు మాట. కరెంటు రాగానే ప్రాసెసర్ చదివే మొదటి పాఠం అదే. ఈ ప్రోగ్రాములు రాసి బోర్డు కంపెనీలకు అమ్మినవాళ్లలో అవార్డ్, ఫీనిక్స్, ఏఎంఐ పెద్దవి. ఏఎంఐని 1985లో అమెరికాలో పెట్టినవాళ్లలో సుబ్రమణియన్ శంకర్ ఒకరని తెలిసిన రోజు, తెర మీద ఆ మూడక్షరాలు కనబడితే ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది. తప్పెక్కడో బయోస్ బీపులతో చెబుతుంది. ఏఎంఐలో అయిదు బీపులంటే ప్రాసెసర్ తప్పు అని కాగితం మీద ఉంటుంది. నాకు ఆ అయిదు వినబడింది చాలా తక్కువ. బీపు కొట్టించాల్సింది కూడా ప్రాసెసరే కదా, వాడే లేవకపోతే ఎవరు కొడతారు? అందుకే ప్రాసెసర్ మార్చాక బీపులు గోల చేస్తే మేం సంతోషిస్తాం. అంటే వాడు లేచాడు, తప్పు ర్యామ్‌లోనో కార్డులోనో ఉంది. ఏమీ వినబడకపోతే డీబగ్ కార్డు గుచ్చుతాం. దాని రెండంకెల ఎర్ర లైట్లలో 00 గానీ ఎఫ్‌ఎఫ్ గానీ నిలిచిపోతే చిప్పు ఒక్క అక్షరం కూడా చదవలేదన్నమాట.

ఆ బయోస్‌ని తిరగరాయడం మాకు నేర్పింది ఒక వైరస్. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ విరుచుకుపడింది, రాసింది తైవాన్ కుర్రాడు చెన్ ఇంగ్-హౌ. హార్డ్‌డిస్కు మొదలు చెరిపేయడమే కాదు, చిక్కిన బోర్డుల్లో బయోస్‌నీ పాడుచేసింది. ఆ వారం షాపు గడప దాకా డబ్బాలే. ఉస్తాద్ అదే మోడల్ మంచి బోర్డు ఒకటి తెచ్చి, దాని బయోస్ చిప్పు కింద దారం ఉచ్చు వేసి, చిప్పుని సాకెట్‌లో వదులుగా కూర్చోబెట్టాడు. ఫ్లాపీతో డాస్‌లోకి వెళ్లాడు. అప్పటికి బయోస్ నకలు ర్యామ్‌లోకి చేరిపోయి ఉంటుంది. మెషీన్ నడుస్తుండగానే దారం మెల్లగా లాగాడు. చిప్పు లేచింది, మెషీన్ ఆగలేదు. పాడైన చిప్పుని అక్కడ నొక్కి, ఫ్లాపీలోని బయోస్ దాంట్లోకి రాయించాడు. చెయ్యి వణికితే రెండు బోర్డులూ పోతాయి. నేను ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకున్నాను. తర్వాత కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టని బోర్డులకూ అదే దారం వైద్యం చేశాం.

2006లో కోర్ 2 డ్యుయో వచ్చినప్పుడూ ఇదే కథ. 775 సాకెట్ పాతదే, పాత బోర్డుల్లో చాలావాటికి అది పనికిరాలేదు. 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం కూడా 1151 సాకెట్‌లోనే వచ్చి, అంతకుముందటి బోర్డుల్లో పలకలేదు. ఏఎండీ మాత్రం ఏఎం4 సాకెట్‌ని ఏళ్ల తరబడి లాగింది. దాని చిక్కు దానిది. 2018 ఫిబ్రవరిలో రైజెన్ 2200జీ, 2400జీ వచ్చాయి. షాపుల్లో ఉన్న బోర్డులు పాత బయోస్‌తో ఉన్నాయి. బయోస్ మార్చాలంటే మెషీన్ లేవాలి, మెషీన్ లేవాలంటే బయోస్ మారాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత అచ్చంగా ఇదే. చివరికి ఏఎండీ వాళ్లే కొనుక్కున్నవాళ్లకు ఒక పాత ప్రాసెసర్‌ని అరువు పంపారు. పెట్టుకో, బయోస్ మార్చుకో, తిరిగి పంపు. అంత పెద్ద కంపెనీ చేబదులు ఇచ్చిందని విని మేం భలే నవ్వుకున్నాం. అదే పని మేం ఎన్నేళ్లుగానో ఉస్మానియా బిస్కెట్ డబ్బాతో చేస్తున్నాం.

ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. తరానికి ఒక చిప్పు చొప్పున, స్పాంజిలో గుచ్చి. మొన్న శనివారం వచ్చిన కుర్రాడిది బీ450 బోర్డు, అందులో కొత్తగా పెట్టింది రైజెన్ 5600. పాత ప్రాసెసర్ ఏదిరా అంటే ముందే అమ్మేశానన్నాడు. ప్రాసెసర్ పక్కనుండే ఎనిమిది పిన్నుల వైరు చూశాను, గట్టిగానే ఉంది. చిప్పు తీసి వెలుగులో తిప్పాను, పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి. ఇక మిగిలింది బయోసే. డబ్బాలోంచి 2200జీ తీసి పెట్టాను. తెల్లటి అక్షరాలు పడ్డాయి. పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించి, 5600 మళ్లీ దించాను. మొదటిసారి చాలాసేపు నల్లగానే ఉంది. కుర్రాడు బటన్ మీదికి చెయ్యి చాపితే ఆపాను. ర్యామ్ కొలతలు తీసుకుంటుంది, ఆగు. ఆగాడు. లోగో వచ్చింది.

"అన్నా, నా దోస్తుది కూడా గిట్లనే ఉంది. ఆ చిప్పు ఒక్కరోజు ఇస్తవా?"

ఇచ్చాను. ఇవాళ బుధవారం. స్పాంజిలో దాని చోటు ఖాళీగానే ఉంది.