జెండా ఒరుగుతుంది, చెట్టు ఒరగదు

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకి మంచు అంటే ఏం తెలుసండీ? ధనుర్మాసంలో తెల్లవారుజామున కొబ్బరాకుల మీంచి టప్ టప్‌మని రాలే చుక్కలు తెలుసు. ముగ్గు పెడదామని వాకిట్లోకొస్తే ఎదురింటి అరుగు కూడా కనపడకుండా కమ్మేసే తెర తెలుసు. అంతే. ఆకు మీది బొట్టుకీ, గాలిలో తెరకీ, హిమాలయాల మీద పేరుకున్న గడ్డకీ కూడా మనం ఒకటే మాట వాడేస్తాం - మంచు అని. ఇన్నాళ్ళూ అంతకన్నా అవసరం పడలేదు మరి.

ఇప్పుడు పడింది. అమలాపురంలోనూ, రాజోలులోనూ, కొత్తపేటలోనూ పిల్లలు అమెరికాలో వున్న ఇళ్ళు ఎన్నో వున్నాయి. శీతాకాలం వచ్చిందంటే ఆ పిల్లలు పంపే ఫొటోల్లో అంతా తెలుపే. కాళ్ళకి పొడుగాటి బద్దలు కట్టుకుని, కళ్ళకి పెద్ద పెద్ద అద్దాలు పెట్టుకుని, కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేని వేషంలో కొండ మీద నిలబడి వుంటారు. మా అక్క కూతురు కిందటి శీతాకాలంలో ఒక వీడియో పంపింది. నిటారుగా నిలబడ్డ దేవదారు చెట్లు, వాటి సందుల్లోంచి మెలికలు తిరుగుతూ జారిపోతున్న మనుషులు. మా అక్క అది చూసి గుండె మీద చెయ్యేసుకుని, "అదేం సరదానే! అంత ఖాళీ కొండ వుంచుకుని ఆ చెట్లలోకి దూరడమెందుకూ?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం పుస్తకాలు తిరగేస్తూ కూచుంటే, ఆ ప్రశ్న తిరిగి తిరిగి ఎక్కడ తేలిందనుకున్నారు? మన మద్రాసులో! ఆ సంగతి చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ బద్దల్ని స్కీలు అంటారు. ఇది సరదాగా పుట్టింది కాదు, గతిలేక పుట్టింది. ఉత్తర దేశాల్లో ఏడాదికి ఆరునెలలు నడుము లోతు మంచు. అడుగు వేస్తే కాలు దిగబడిపోతుంది. అడవిలోకి వెళ్ళి వేటాడకపోతే ఇంట్లో పొయ్యి రాజదు. అందుకని చెట్టునే చెక్కి కాలికి కట్టుకున్నారు. రష్యా ఉత్తరాన సిందోర్ సరస్సు దగ్గర దొరికిన స్కీ ముక్క ఒకటి సుమారు 8000 ఏళ్ళనాటిదంటున్నారు. దాని ముందు భాగంలో ఒక దుప్పి తల చెక్కి వుంది. అందానికి అందం, వెనక్కి జారకుండా పట్టుకి పట్టు! స్వీడన్‌లో 1924లో ఒక గుంట తవ్వుతుంటే బయటపడిన జత అయిదువేల ఏళ్ళ పైమాటే. మనకి గోదావరి పాయ దాటడానికి పడవ ఎలాగో, వాళ్ళకి అడవి దాటడానికి స్కీ అలాగన్నమాట. కాబట్టి మా అక్క ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే వుంది. మనిషి చెట్లలోకి కొత్తగా దూరలేదు. స్కీ మొదట నడిచిందే చెట్లలో.

అయితే పాతకాలపు స్కీలకి ఒక లోపం వుండేది. కాలి బొటనవేళ్ళ దగ్గర మాత్రమే ఒక పట్టీ. మడమ వదులు. తిన్నగా పోవడానికి బాగానే వుండేది గానీ, గట్టిగా మలుపు తిప్పితే స్కీ వూడి దాని దారిన అది పోయేది. దీనికి మార్గం చూపించినవాడు నార్వేలో టెలిమార్క్ ప్రాంతపు పేదవాడు, సోంద్రె నోర్‌హైమ్. 1825లో పుట్టాడు. మెలిపెట్టిన పచ్చి కొమ్మల్ని మడమ చుట్టూ బిగించి కట్టాడు. అంతే, స్కీ పాదంతో పాటు తిరగడం మొదలుపెట్టింది. ఇవాళ ప్రపంచమంతా వాడే 'స్లాలోం' అనే మాట ఆ ప్రాంతపు పల్లెటూరి మాటే. వాలు మీద గీసిన జాడ అని దాని అర్థం. పాపం, ఆ నోర్‌హైమ్ 1884లో పొట్టచేత పట్టుకుని అమెరికా వెళ్ళిపోయాడు. కొండల్లో మలుపు నేర్పినవాడు 1897లో డకోటా బల్లపరుపు మైదానాల్లో కన్నుమూశాడు. వలస అనేది ఎవర్ని ఎక్కడికి తీసుకుపోతుందో మన ఇళ్ళల్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మద్రాసు సంగతికి వస్తాను. 1888 ఏప్రిల్ 18న మద్రాసులో ఒక మిషనరీ దంపతులకి మగపిల్లాడు పుట్టాడు. పేరు ఆర్నాల్డ్ లన్. అప్పటికి మన అమలాపురం తాలూకా కూడా మద్రాసు రాజధానిలో, గోదావరి జిల్లాలో వుండేది. ఆ లెక్కన ఆయన మన రాజధాని బిడ్డడే! తండ్రి హెన్రీ లన్ వైద్యుడు కూడా. ఆరోగ్యం సరిపడక ఆ ఏడాదే ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయాడు. తరవాత ఆయన యాత్రల వ్యాపారం పెట్టి ఇంగ్లీషు కుటుంబాల్ని శీతాకాలంలో స్విట్జర్లాండు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ ఎండల్లో మద్రాసులో కళ్ళు తెరిచిన పిల్లాడు అలా ఆల్ప్స్ మంచులో పెరిగాడు.

1909లో ఆర్నాల్డ్ వేల్స్ దేశంలో ఒక కొండ ఎక్కుతూ పడిపోయాడు. కాలు నుజ్జయింది. బతికి బయటపడ్డాడు గానీ ఆ కాలు రెండో కాలికన్నా రెండుమూడు అంగుళాలు పొట్టిదైపోయింది. ఇంకొకరైతే పడకకుర్చీకి అంకితమయ్యేవారు. ఆయన ఆ కాలికే స్కీ కట్టుకున్నాడు.

ఆ రోజుల్లో మలుపుల పోటీలు ఎలా వుండేవనుకున్నారు? పెళ్ళిచూపుల్లో పిల్లని నడిపించి చూసినట్టు, మలుపు ఎంత ఒయ్యారంగా తిరిగాడో చూసి పెద్దలు మార్కులు వేసేవారట. ఈయనకి ఒళ్ళు మండింది. మలుపు ఒకరు చూసి మెచ్చుకోవడానికి కాదు, ఎదురుగా వున్న అడ్డాన్ని తప్పించుకోవడానికి. వేగం ఎంత తక్కువ పోగొట్టుకుని తప్పించుకుంటే అంత గొప్ప అన్నాడు. ఆల్ప్స్‌లో పైన అంతా బయలు, కిందకి వచ్చేసరికి అడవి. ఇంటికి చేరాలంటే ఆ చెట్ల మధ్యనుంచే రావాలి. మరి ఆ నేర్పుని పరీక్షించడం ఎలాగ? నిజం చెట్లలో పందెం పెడితే ఎవరో ఒకరు పోతారు. అందుకని 1922 జనవరిలో స్విట్జర్లాండులోని మ్యూరెన్ అనే వూళ్ళో, ఖాళీ వాలు మీద చెట్లకి బదులు జెండాలు పాతించాడు. జతలు జతలుగా. ప్రతి జత మధ్యనుంచీ దూరి రావాలి. అందచందాలకి మార్కుల్లేవు, గడియారమే న్యాయాధిపతి. ఆస్ట్రియాలో జ్డార్స్కీ అనే ఆయన 1905లోనే జెండాల పందెం పెట్టాడు గానీ, ఇవాళ మనం టీవీలో చూసే స్లాలోంకి రూపం ఇచ్చింది మాత్రం ఈ మద్రాసు బిడ్డడే.

ఇంకో మెచ్చుకోవాల్సిన సంగతి. ఆ మ్యూరెన్‌లోనే 1923లో ఆడవాళ్ళ స్కీ క్లబ్బు పుట్టింది. 1931లో మొట్టమొదటి ప్రపంచ పోటీలు అక్కడే జరిగితే మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళకీ పందాలు పెట్టారు. పదిహేడేళ్ళ బ్రిటిష్ పిల్ల ఎస్మె మెకినన్ వాలు పందెమూ, జెండాల పందెమూ రెండూ గెల్చుకుపోయింది. 1936లో జర్మనీలో జరిగిన ఒలింపిక్స్‌లో ఈ రెండు పందాలూ కలిపి లెక్కవేసి పతకం ఇచ్చారు. జర్మనీ అమ్మాయి క్రిస్టల్ క్రాంజ్ వాలు పందెంలో పడిపోయి ఆరోస్థానానికి దిగజారింది. అయిపోయిందనుకున్నారు. మర్నాడు జెండాల మధ్య అందర్నీ దాటేసి స్వర్ణపతకం పట్టుకుపోయింది. వేగంలో పోయింది మలుపులో వచ్చింది! ఆర్నాల్డ్ లన్‌కి 1952లో సర్ బిరుదు ఇచ్చారు. 1974లో పోయాడు.

తరవాత రెండు బద్దలు ఒకటయ్యాయి. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన పిల్లల్ని ఆడించడానికి రెండు స్కీలు కలిపి బిగించి ఒకే పలక చేశాడు. అడ్డంగా నిలబడి జారాలి. దానికి పేరు పెట్టింది ఆయన భార్య. దాని మనవరాలే ఇప్పటి స్నోబోర్డు. 1998లో ఒలింపిక్స్ మెట్లెక్కింది.

ఇంతవరకూ బాగానే వుంది. కానీ జెండా తగిలితే ఒరుగుతుంది. చెట్టు ఒరగదు. 1997 డిసెంబరు 31న రాబర్ట్ కెనెడీ కొడుకు మైకేల్ కెనెడీ ఆస్పెన్ కొండ మీద చెట్టుకి కొట్టుకుని చనిపోయాడు. తోటివాళ్ళతో కలిసి జారుతూ బంతి ఆడుతున్నాడట. వారం తిరక్కుండా 1998 జనవరి 5న సోనీ బోనో, పాటగాడిగా పేరు తెచ్చుకుని పార్లమెంటు సభ్యుడైన మనిషి, మరో కొండ మీద చెట్టుకే బలయ్యాడు. ఇద్దరూ స్కీ కొత్తవాళ్ళేం కాదు. ఇద్దరి తలమీదా హెల్మెట్ లేదు.

కొట్టుకోవడం ఒక్కటే ప్రమాదం అనుకోకండి. అసలు గండం చెట్టు మొదట్లో వుంది. మన తోటల్లో కొబ్బరిచెట్టుకి పాదు చేస్తాం కదూ? నీరు నిలవడానికి, ఎరువు వెయ్యడానికి. అక్కడ చెట్టే తన పాదు తాను చేసుకుంటుంది. ఆ చెట్ల కొమ్మలు కిందిదాకా గొడుగులా వాలి వుంటాయి. మంచు కొమ్మల మీద ఆగిపోతుంది, మొదట్లో పడదు. చుట్టూ మనిషి లోతు మంచు పేరుకుంటే మొదట్లో మాత్రం గుల్లగా గొయ్యి మిగిలిపోతుంది. పైకి కనపడదు. పక్కనుంచి పోతూ పట్టు తప్పినవాళ్ళు అందులో తలకిందులుగా పడతారు. పైనుంచి మంచు కప్పేస్తుంది. కాళ్ళకి బద్దలు, చేతులకి కర్రలు, కదిలిన కొద్దీ ఇంకా కూరుకుపోవడం. ఊపిరాడదు. అమెరికాలోనూ కెనడాలోనూ తగిన జాగ్రత్తలతో మనుషుల్ని అలాంటి గోతుల్లో దింపి పరీక్షించి చూస్తే, పదిమందిలో తొమ్మిదిమంది తమంతట తాము బయటికి రాలేకపోయారట.

అందుకే అక్కడివాళ్ళు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. వింటే మన గట్టు మీద సైకిలు నేర్చుకున్న రోజులు గుర్తొస్తాయి. మొదటిది - చెట్టుని చూడకు, చెట్ల మధ్య సందుని చూడు. కొత్తగా సైకిలు తొక్కే పిల్లాడు కొబ్బరిచెట్టుకేసి బెదురుగా చూస్తూ సరిగ్గా దానికే గుద్దుతాడు. చూపు ఎటో చక్రం అటు. రెండోది - ఆగడం, తిరగడం బయటి వాలు మీద బాగా చేతనయ్యాకే చెట్లలోకి వెళ్ళాలి. మూడోది - పెద్దగా మంచు కురిసిన మర్నాడు మరీ జాగ్రత్త. చెట్టు మొదలుకి ఎడంగా పోవాలి. కర్రల తాళ్ళు మణికట్టుకి తగిలించుకోకూడదు. మెడలో ఈల వుండాలి. పడిపోతున్నానని తెలిస్తే కొమ్మనో మొదలునో పట్టుకోవాలి, తల పైకి వుండేలా చూసుకోవాలి. తలకిందులైపోతే గింజుకోకుండా ముందు ముఖం దగ్గర గాలికి చోటు చేసుకోవాలి. హెల్మెట్ పెట్టుకుంటే మంచిదే గానీ, అది వుందని వేగం పెంచితే చెట్టు ఒప్పుకోదు.

వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. ఒంటరిగా వెళ్ళకూడదు. జంటగా వెళ్ళాలి, ఒకరికొకరు కనపడుతూ, ఒకరి కేక ఒకరికి వినపడుతూ వెళ్ళాలి. ముందు కిందకి చేరి కాఫీ తాగుతూ ఎదురుచూసే స్నేహితుడు స్నేహితుడే గానీ జంట కాదు. తోడున్నవాడు పడ్డాడని తెలిస్తే సాయం కోసం కేక వేస్తూనే తవ్వడం మొదలెట్టాలి. కాళ్ళు పట్టి లాగకూడదు. పక్కనుంచి తలవైపుకి తవ్వి ముందు ఊపిరి ఆడించాలి. అక్కడ నిమిషాలే లెక్క.

మన దింపు కార్మికులకి ఈ నియమం ఎవరూ పుస్తకంలో రాసి ఇవ్వలేదు. పైన ఒకడు చెట్టెక్కితే కింద ఒకడు వుండాల్సిందే. పైవాడు కేక వేస్తాడు, కిందివాడు "ఆయ్" అంటాడు. ఆ తరవాతే గెల తెగుతుంది. చెట్టుతో బతికేవాళ్ళు ఎక్కడైనా నేర్చుకునేది ఒకటేనేమో.

మద్రాసులో పుట్టిన ఆ కుంటికాలి మనిషి మలుపు తిరగడం మాత్రం జెండాలతో నేర్పించగలిగాడు. పక్కన మనిషిని ఏ జెండా ఇవ్వలేదు. అంచేత, ఈ శీతాకాలం మీ అబ్బాయో అమ్మాయో ఫోను చేసి కొండకి వెళ్తున్నామంటే, "వద్దు" అని ప్రయోజనం లేదు. మనం వద్దన్న పనులేవీ వాళ్ళు మానలేదు, మన అమ్మలు వద్దన్నవి మనమూ మానలేదు. "స్వెట్టరు వేసుకున్నావా?" అని అడక్కండి, అది వాళ్ళే వేసుకుంటారు. "నీ పక్కన ఎవరు వెళ్తున్నారు? నీ కేక వాళ్ళకి వినపడుతుందా?" అని అడగండి.