సైకిలు మూట బరువు: 1897 నాటి రెండు లెక్కలు

గుడారం, పడక, వంటసామాను సైకిలుకు కట్టుకుని రోజుల తరబడి తిరిగే యాత్రికులు ప్రతి వస్తువునూ తూచి పట్టిక రాసుకునే అలవాటు ఎలక్ట్రానిక్ కాటాలతో వచ్చిందేమో అనిపిస్తుంది గాని, దాని మూలాలు పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలోనే కనిపిస్తాయి. 1885లో రోవర్ నమూనా సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు రావడంతో దూరప్రయాణం సామాన్యులకు సాధ్యమైంది. అయితే చదును నేలమీద అంతగా తెలియని బరువు ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లను పట్టి లాగుతుంది కనుక, ఏది తీసుకుపోవాలి, ఏది విడిచిపెట్టాలి అన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

ఈ ప్రశ్నకు మొదట లెక్క కట్టినవారిలో అమెరికా సైన్యం ఒకటి. 1897 జూన్ 14న మోంటానాలోని ఫోర్ట్ మిజూలా నుంచి లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వంలో 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు సైకిళ్లపై బయలుదేరి, వానలూ బురదా ఇసుకా దాటుకుంటూ, సుమారు 1,900 మైళ్ల దూరంలోని సెయింట్ లూయిస్‌కు 41 రోజుల్లో చేరుకున్నారు. ఉత్త సైకిలు బరువు సుమారు 32 పౌన్లు కాగా, సామాను కట్టిన తరువాత అది సగటున 59 పౌన్లకు, అంటే దాదాపు 27 కిలోలకు చేరింది. హ్యాండిల్‌బారు మీద దుప్పటితోపాటు సగం గుడారం చుట్టి ఉండేది; ఇద్దరు సైనికులు తమ సగాలను జతచేస్తే ఒక గుడారమయ్యేది. తుపాకీ, తూటాల మోత ఎలాగూ తప్పలేదు. తిండి మాత్రం దారిలో ముందుగానే నిల్వ చేయించి, ఒక మజిలీ నుంచి మరో మజిలీకి సరిపడేంతే వెంట ఉంచుకున్నారు. తిండి, నీరు, ఇంధనం వంటి తరిగిపోయే వస్తువులను మినహాయించి మిగిలిన సామానును మాత్రమే తూచి దానిని ‘బేస్ వెయిట్’ అనే నేటి పద్ధతి వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అదే సంవత్సరం లండన్ దర్జీ థామస్ హైరమ్ హోల్డింగ్ మిత్రులతో కలిసి ఐర్లాండులోని కానెమారాలో సైకిలు మీద శిబిరయాత్ర చేసి, మరుసటి ఏడాది దాని గురించి పుస్తకం ప్రచురించాడు. కుట్టుపనిపై గ్రంథాలు రాసిన మనిషి పలుచని పట్టుగుడారాల వైపు మొగ్గడం సహజమే. ఏ బట్ట ఎంత తూగుతుందో దర్జీకి తెలిసినట్టు సైనికాధికారికి తెలియదు. 1892లో స్వీడన్‌లో పుట్టి, తరువాతి కాలంలో తెలుగు వంటిళ్లలోనూ పంపుస్టవ్వుగా వెలిగిన ప్రైమస్‌కు చిన్న రూపం కట్టెల వెతుకులాటను తప్పించి ఈ యాత్రలకు మరింత వీలు కల్పించింది. హోల్డింగ్ 1908లో వెలువరించిన ‘క్యాంపర్స్ హ్యాండ్‌బుక్’ తేలికపాటి సామానును ఒక శాస్త్రంలా చర్చించింది.

ఆ ఇద్దరిలో సైనికుడి లెక్క నివేదికల్లోనే ఉండిపోగా, దర్జీ లెక్క సామాన్య యాత్రికులకు అందింది. హోల్డింగ్ పాఠకులతో 1901లో ఏర్పడిన సైకిలు శిబిరవాసుల సంఘం, సైకిలు కన్నా ఎన్నో రెట్లు బరువైన కారవాన్లను కూడా చేర్చుకుని, నేటికీ బ్రిటన్‌లో క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ పేరుతో కొనసాగుతోంది.