ఒక వాయువును తగ్గించబోయి: ఐరోపా డీజిల్ కార్ల చరిత్ర



వైద్య విద్యార్థులకు తొలినాళ్లలోనే బోధించే సూత్రం ఒకటి ఉంది. ఔషధం వ్రాసేటప్పుడు అది ఏ వ్యాధిని తగ్గిస్తుందో ఎరిగితే చాలదు. ఏ అవయవానికి హాని చేయగలదో కూడా ఎరిగి ఉండాలి. కీళ్లనొప్పికి ఇచ్చిన మాత్ర మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. నొప్పి తగ్గిందా అని మాత్రమే అడిగే వైద్యుడికి ఆ సంగతి ఆలస్యంగా గాని తెలియదు. ప్రభుత్వ విధానాలకూ ఈ సూత్రం వర్తిస్తుందని చాటే చరిత్ర ఒకటి ఈసారి మీ ముందుంచుతున్నాను. కార్లు విడిచే బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, తగ్గించడానికి ఐరోపా ప్రభుత్వాలు చేసిన ప్రయత్నపు చరిత్ర ఇది.

ముందుగా కొంత శాస్త్రం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. పొగగొట్టంలో ఏ పరికరం అమర్చినా కారులో దానిని వడపోయలేము. తక్కువ ఇంధనం కాల్చడమొక్కటే మార్గం. కనుక కిలోమీటరుకు ఇన్ని గ్రాముల వాయువు అనే లెక్క, మనం మైలేజీ అని పిలిచేదానికి మరో పేరు మాత్రమే. కిలోమీటరుకు 130 గ్రాములు అంటే పెట్రోలు కారు లీటరుకు సుమారు 18 కిలోమీటర్లు నడవాలన్న మాట.

డీజిల్ కారు అదే దూరానికి తక్కువ ఇంధనం త్రాగుతుంది. కిలోమీటరుకు అది విడిచే బొగ్గుపులుసు వాయువు పెట్రోలు కారు కంటే పదిహేను నుంచి ఇరవై శాతం తక్కువ. అయితే డీజిల్ ఇంజనులో పీడనం, వేడి, గాలి అధికం. ఆ వేడికి గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి నత్రజని ఆక్సైడ్లుగా మారుతుంది. పెట్రోలు కార్లలో వీటిని విచ్ఛిన్నం చేసే ఉత్ప్రేరక పరికరం, డీజిల్ పొగలో ప్రాణవాయువు మిగిలి ఉండడం వలన పనిచేయదు. దీనికి తోడు సన్నని మసి.

బొగ్గుపులుసు వాయువు భూగోళాన్ని వేడెక్కిస్తుంది గాని, రోడ్డు మీద ఉండే మోతాదులో ఊపిరితిత్తులకు విషం కాదు. నైట్రోజన్ డయాక్సైడ్ అలా కాదు. అది సూక్ష్మ శ్వాసనాళాల దాకా చొచ్చుకొనిపోయి వాపు కలిగిస్తుంది, ఉబ్బసాన్ని రేపుతుంది. సన్నని మసి కణాలు వాయుకోశాలను దాటి రక్తంలో చేరి గుండెకూ చేటు తెస్తాయి.

ఇక చరిత్రకు వద్దాము. 1995లో ఐరోపాలో అమ్ముడైన కొత్త కార్లు సగటున కిలోమీటరుకు 186 గ్రాముల బొగ్గుపులుసు వాయువు విడిచేవి. ఆ సంవత్సరమే ఐరోపా సంఘం దీనిని 120 గ్రాములకు దించాలని సంకల్పించింది. 1997లో క్యోటో ఒప్పందం కుదిరింది. 1998లో ఐరోపా కార్ల తయారీదారుల సంఘం, 2008 నాటికి 140 గ్రాములకు దిగుతామని స్వచ్ఛందంగా మాట ఇచ్చింది. అది చట్టం కాదు. మాట తప్పితే జరిమానా లేదు.

ఆ లెక్కకు చేరువ కావడానికి అందరికీ కనిపించిన దగ్గరి దారి డీజిల్. పలు దేశాలలో పెట్రోలు కంటే డీజిల్‌పై పన్ను తక్కువ. బ్రిటన్‌లో ఇంధన పన్ను రెండింటికీ సమానమే అయినా, 2001లో అక్కడి ప్రభుత్వం కార్ల వార్షిక పన్నును బొగ్గుపులుసు వాయువు గ్రాములతో ముడిపెట్టింది. 2002లో కంపెనీలు ఉద్యోగులకిచ్చే కార్ల పన్నునూ అలాగే మార్చింది. డీజిల్‌కు కొద్దిపాటి అదనపు సుంకం ఉన్నా, మొత్తం మీద లాభం డీజిల్ కొన్నవారిదే. 2000లో బ్రిటన్‌లో అమ్మిన కొత్త కార్లలో నూటికి పద్నాలుగు డీజిల్‌వి కాగా, 2012 నాటికి అవి సగమయ్యాయి. పశ్చిమ ఐరోపా అంతటా ఇదే ధోరణి.

ఈ దుష్ఫలితం ఎవరికీ తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసు. డీజిల్ కార్లు పెరిగితే నగరాల గాలి చెడుతుందని బ్రిటన్‌లోని ప్రభుత్వ నిపుణుల బృందం 1993లోనే హెచ్చరించింది. అయినా 2000 నాటి ఐరోపా ప్రమాణాలు పెట్రోలు కారుకు కిలోమీటరుకు 0.15 గ్రాముల నత్రజని ఆక్సైడ్లను అనుమతిస్తే, డీజిల్ కారుకు 0.50 గ్రాములు అనుమతించాయి. 2005లో అవి 0.08, 0.25 అయ్యాయి. అంటే డీజిల్‌కు మూడు రెట్ల వెసులుబాటు చట్టమే ఇచ్చింది.

2008 నాటికి కొత్త కార్ల సగటు 154 గ్రాముల దగ్గర ఆగింది. మాట నెరవేరలేదు. 2009లో ఐరోపా చట్టం చేసింది: 2015కు 130 గ్రాములు, దాటిన ప్రతి గ్రాముకు ప్రతి కారు మీద జరిమానా. ఈసారి గడువు కంటే ముందే లక్ష్యం చేరినట్లు లెక్కలు చూపాయి. కాని అవి ప్రయోగశాలలో తీసిన లెక్కలు. అక్కడి అంకెకూ రోడ్డు మీది నిజానికీ మధ్య 2001లో పది శాతం లోపు ఉన్న తేడా, 2015 నాటికి నలభై శాతానికి చేరింది. రోగి పరీక్ష రోజున మాత్రమే పథ్యం చేసినట్లయింది.

2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ మరొక గుట్టు బయటపెట్టింది. వోక్స్‌వాగన్ డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్, పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను శుభ్రపరచేది. రోడ్డు మీద నత్రజని ఆక్సైడ్లు పరిమితికి నలభై రెట్ల వరకు వెలువడేవి. ప్రపంచమంతటా కోటీ పది లక్షల వాహనాలలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు ఆ సంస్థ ఒప్పుకొన్నది.

ఈ అంకెల వెనుక ఒక పసిప్రాణం ఉంది. లండన్ ఆగ్నేయ భాగంలో, రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డుకు కూతవేటు దూరంలో ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే బాలిక నివసించేది. మూడేళ్లలో ఉబ్బసంతో దాదాపు ముప్పై సార్లు ఆసుపత్రి పాలై, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ల వయసులో మరణించింది. తల్లి పట్టు విడువక పోరాడగా పునర్విచారణ జరిగింది. 2020 డిసెంబరులో విచారణాధికారి, వాయు కాలుష్యం కూడా ఆ మరణానికి కారణమని నిర్ధారించారు. ఆమె పీల్చిన కాలుష్యానికి ప్రధాన మూలం వాహనాల పొగ. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణ కారణాలలో వాయు కాలుష్యం అధికారికంగా నమోదు కావడం అదే ప్రథమం. ఏ ఒక్క కారునో, ఏ ఒక్క పన్నునో ఆ మరణానికి బాధ్యురాలిని చేయలేము. కాని ఆ రోడ్డు గాలి అలా ఉండడంలో, గ్రాములు మాత్రమే లెక్కించిన విధానానికీ పాలు ఉంది.

దిద్దుబాటు కొంత జరిగింది. 2017 నుంచి కొత్త ప్రయోగశాల పరీక్షతో పాటు, నత్రజని ఆక్సైడ్లను రోడ్డు మీదనే కొలిచే పద్ధతి వచ్చింది. 2019లో లండన్ నడిబొడ్డున, 2023లో నగరమంతటా, పాత డీజిల్ కార్లకు రోజువారీ రుసుము విధించారు. 2035 నుంచి కొత్త కార్ల పొగగొట్టం నుంచి బొగ్గుపులుసు వాయువే రాకూడదని 2023లో ఐరోపా చట్టం చేసింది. ఆ గడువును సడలించాలన్న వాదనలూ బలపడ్డాయి.

మన దేశంలో డీజిల్ కార్ల ఉద్ధృతికి కారణం వేరు. రైతుకూ, లారీకీ, బస్సుకూ ఉద్దేశించిన చౌక డీజిల్‌ను కార్లు త్రాగాయి. నేనూ 2012లో డీజిల్ కారే కొన్నాను. ప్రభుత్వాసుపత్రిలో ఉబ్బసపు పిల్లలకు మందులు వ్రాసి, సాయంత్రం ఆ కారులోనే ఇల్లు చేరేవాడిని. లీటరు ధరే చూశాను. పొగ సంగతి ఆలోచించలేదు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ తొలగింది. కార్ల బొగ్గుపులుసు వాయువుపై మన ప్రమాణాలు 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాయి: సగటున 130 గ్రాములు, 2022 నుంచి 113. విషవాయువుల పరిమితులను బిగించే బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్‌లో వచ్చాయి. ఈ రెండూ జోడెడ్లలా కలిసి నడవాలన్నదే ఐరోపా నేర్పిన పాఠం.

బొగ్గుపులుసు వాయువును తగ్గించనక్కరలేదని నా భావం కాదు. భూతాపం కూడా ఆరోగ్య సమస్యే. వడదెబ్బ రోగులను చూసిన మనకు అది ఎవరూ చెప్పనక్కరలేదు. ఔషధం మానవద్దు, దుష్ఫలితాలు గమనిస్తూ వాడాలి అన్నదే నా మనవి. విద్యుత్ కార్లకు పొగగొట్టం లేదు, సంతోషం. కాని టైర్ల అరుగుదల ధూళి ఉంది, మన విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తున్నది. ఆ ప్రశ్నలు ఇప్పుడే అడగాలి.

మీ వంతుగా ఒక చిన్న పని. బడి గేటు ముందు పిల్లల కోసం వేచి ఉన్నప్పుడు ఇంజను ఆపివేయండి. పొగగొట్టం ఎత్తులో ఉండేది పిల్లల ముక్కులే.