బోల్టన్ విశ్లేషణ

పై దవడ పళ్ళ వెడల్పుకు, క్రింది దవడ పళ్ళ వెడల్పుకు మధ్య ఉండవలసిన నిష్పత్తిని లెక్కగట్టే పద్ధతిని దంతవైద్యంలో బోల్టన్ విశ్లేషణ అంటారు. వంకర పళ్ళను సరిచేసే ఆర్థోడాంటిక్స్ శాఖలో చికిత్సకు ముందు దీనిని ఉపయోగిస్తారు. అమెరికా దంతవైద్యుడు వేన్ బోల్టన్ 1958లో దీనిని ప్రకటించాడు.

నేపథ్యం

ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పలువరుస దోషాలను మూడు తరగతులుగా విభజించినప్పుడు ప్రధానంగా చూసినది మొదటి చర్వణకాలు ఒకదానితో ఒకటి కలిసే తీరును. అయితే చర్వణకాలు చక్కగా కుదిరినా ముందుపళ్ళ నడుమ సందులు మిగలడమో, క్రింది పళ్ళు ఒకదానిపైకి ఒకటి ఎక్కడమో కొందరిలో కనిపిస్తుంది. పళ్ళ కొలతలే పొసగకపోవడం ఇందుకు ఒక కారణం. డబ్బాకు, మూతకు కొలత తప్పితే ఎంత తిప్పినా మూత బిగియదు గదా!

బోల్టన్ పళ్ళ పొందిక ఉత్తమంగా ఉన్న 55 మంది నమూనాలను కొలిచాడు. వీరిలో 44 మంది చికిత్స పొందినవారు, 11 మంది చికిత్స లేకుండానే చక్కని పలువరుస కలవారు.

లెక్కించే విధానం

రోగి పళ్ళ ముద్ర తీసి ప్లాస్టర్‌తో నమూనా పోస్తారు. ప్రతి పంటికీ, ప్రక్క పళ్ళను తాకే రెండు వైపుల మధ్య గల అత్యధిక వెడల్పును కొలుస్తారు. ఇందుకు విద్యార్థులు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వాడే వెర్నియర్ కాలిపర్స్ వంటి పరికరం చాలు. నేడు స్కానర్‌తో తీసిన త్రిమితీయ చిత్రాలపై కంప్యూటరే ఈ పని చేస్తున్నది.

ఒక ప్రక్క మొదటి చర్వణకం నుండి రెండవ ప్రక్క మొదటి చర్వణకం వరకు పైన 12, క్రింద 12 పళ్ళను లెక్కలోకి తీసుకుంటారు. క్రింది పళ్ళ మొత్తాన్ని పై పళ్ళ మొత్తంతో భాగించి 100తో హెచ్చిస్తే సగటున 91.3 రావాలి. కుంతకాలు, రదనికలు కలిపి ముందున్న ఆరేసి పళ్ళకు మాత్రమే లెక్కిస్తే ఈ సగటు 77.2.

ఉదాహరణకు పై ఆరు పళ్ళ మొత్తం 43.5 మిల్లీమీటర్లు, క్రింది ఆరింటి మొత్తం 36 మిల్లీమీటర్లు అనుకుందాం. నిష్పత్తి 82.8 వస్తుంది. క్రింది 36కు సరిపడాలంటే పైన సుమారు 46.6 ఉండాలి, అంటే 3.1 మిల్లీమీటర్లు తక్కువ. పై ప్రక్క కుంతకాలు మేకుల వలె సన్నగా మొలిచినవారిలో ఇటువంటి లెక్క వస్తుంది.

చికిత్సలో ప్రాధాన్యం

ఈ తేడాను ముందుగా గుర్తించకపోతే, క్లిప్పులు వేయించుకొని నెలల తరబడి ఓర్చుకున్న తరువాత కూడా సందు మిగిలిపోవచ్చు. తీగ పంటిని జరుపగలదే గాని వెడల్పు చేయలేదు. కాబట్టి సన్నని పంటిని కాంపోజిట్ పూతతోనో తొడుగుతోనో పెంచుతారు. లేదా ఎదుటి వరుసలోని పళ్ళ ప్రక్కలను కొద్దిగా అరగదీస్తారు. అరగదీసిన పింగాణి పొర మరల పెరగదు. అందుచేత ఒక్కొక్క సందు వద్ద సాధారణంగా అర మిల్లీమీటరుకు మించనీయరు.

పరిమితులు

నిష్పత్తి తప్పిందని తెలుస్తుందే గాని, తప్పు పై పళ్ళదో క్రింది పళ్ళదో ఈ లెక్క ఒక్కటే చెప్పదు. పళ్ళ వాలు, మందం కూడా ఇందులోకి రావు. నమూనాలు 55 మాత్రమే కావడం మరొక లోపం. 2000లో అమెరికాలో మూడు జనవర్గాలపై ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బోల్టన్ సంఖ్యలు తెల్లజాతి స్త్రీలకు మాత్రమే సరిపోయాయి. కనుక భారతీయ రోగుల విషయంలోనూ వీటిని యథాతథంగా అన్వయించడం సరికాదు.