స్టెప్నీ: విద్యుత్ కారులో ఐదో చక్రం

కారు డిక్కీలో దాచుకునే అదనపు చక్రాన్ని తెలుగునాట "స్టెప్నీ" అనని డ్రైవరు ఉండడు. లారీ క్లీనరు మొదలు సొంత కారు నడుపుకునే డాక్టరుగారి దాకా అందరిదీ అదే మాట. ఇంగ్లీషు పదమే కదా అనుకుంటాం. తీరా ఇంగ్లండు వెళ్ళి స్టెప్నీ ఎక్కడ అని అడిగితే, తూర్పు లండనులో ఆ పేరుగల పేటకు దారి చూపిస్తారు. వాళ్ళు ఎప్పుడో మరచిపోయిన మాటను మనం నూరేళ్ళకు పైగా భద్రంగా వాడుకుంటున్నాం. ఆ మాట పుట్టుక, ఆ వస్తువు పుట్టుక, విద్యుత్ కార్ల రాకతో ఆ వస్తువుకు వచ్చిన ఇబ్బంది, ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చెప్పాలన్నదే ఈ టపా ఉద్దేశం.

గాలి టైరు ముందుగా సైకిళ్ళకు వచ్చింది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి చేసిన ప్రయత్నం అది. కారుకు అది తగినదని నిరూపించాలని ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు పూనుకున్నారు. 1895లో పారిస్ నుంచి బోర్దోకు వెళ్ళి తిరిగి రావలసిన పందెంలో గాలి టైర్లు తొడిగిన కారును దించారు. దారి పొడుగునా పంక్చర్లే. గడువులోగా చేరలేకపోయారు. అయినా చూసినవారికి రెండు సంగతులు బోధపడ్డాయి: గాలి టైరు మీద ప్రయాణం హాయిగా ఉంటుంది, కానీ ఆ హాయి ఏ క్షణాన పేలిపోతుందో తెలియదు.

అప్పటి రోడ్లు గుర్రాలవి. డెక్కల నాడాల నుంచి ఊడిపడిన మేకులు దారంతా ఉండేవి. ఒక మేకు దిగితే ప్రయాణం అక్కడితో ఆగేది. ఇప్పటిలా నాలుగు నట్లు విప్పి చక్రం మార్చుకునే వీలు లేదు. చక్రం బండికి ఉండగానే ఇనుప పలుగులతో టైరును రిమ్ము మీదనుంచి పెకలించి, ట్యూబు బయటికి లాగి, అతుకు వేసి, మళ్ళీ ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టాలి. వానలోనైనా, చీకట్లోనైనా అంతే.

ఈ బాధకు వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో ఒక పరిష్కారం దొరికింది. థామస్ మోరిస్ డేవీస్, వాల్టర్ డేవీస్ అనే అన్నదమ్ములు 1904లో ఆకులు లేని ఒక వట్టి రిమ్ము తయారు చేశారు. దానికి ముందే గాలి నింపిన టైరు తొడిగి ఉంటుంది. పంక్చరైన చక్రాన్ని ఊడదీయకుండానే, దాని పక్కన దీన్ని ఆనించి కొక్కాలతో బిగిస్తే చాలు, బండి కదులుతుంది. వారి పని సాగింది ఆ ఊరి స్టెప్నీ వీధిలో. అందుకే తమ సరుకుకు స్టెప్నీ స్పేర్ వీల్ అని పేరు పెట్టుకున్నారు. ఒక వీధి పేరు వస్తువు పేరై, ఓడలెక్కి దేశదేశాలకు వెళ్ళింది. మనకు వచ్చినట్లే మాల్టాకూ వెళ్ళింది. బ్రెజిలు పోర్చుగీసులో "ఎస్తెపి" అయింది. తర్వాత చక్రాన్ని మొత్తంగా విప్పి మార్చుకునే పద్ధతి రావడంతో డేవీస్ సోదరుల రిమ్ముతో అవసరం తీరిపోయింది. వస్తువు పోయినా, పేరు మాత్రం దాని తర్వాత వచ్చిన వస్తువుకు అంటుకుని మిగిలింది.

ఇక్కడ విద్యుత్ కారు ప్రస్తావన తేవాలి. అది కొత్తగా వచ్చింది కాదు, స్టెప్నీ కన్నా పెద్దది. వాల్టర్ బెర్సీ రూపొందించిన విద్యుత్ టాక్సీలు 1897లోనే లండను వీధుల్లో తిరిగాయి. బ్యాటరీలతో కలిపి ఒక్కొక్కటి సుమారు రెండు టన్నుల బరువు. ఆ బరువుకు టైర్లు త్వరత్వరగా అరిగిపోయేవి. సంస్థ 1899లోనే మూతపడింది, కారణాల్లో టైర్ల అరుగుదల ఒకటి. బరువైన బ్యాటరీకీ టైరుకూ ఉన్న వైరం అంత పాతది. అదే 1899లో విద్యుత్ కారు మీద కమీ జెనాట్సీ గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటాడు. అంత వేగం సాధ్యమైనా, ఆనాటి విద్యుత్ బండ్లు నగరం విడిచి పోయేవి కావు. చార్జి అయిపోయేలోగా కొట్టానికి తిరిగి రావలసిందే. ఇంటి చుట్టూ తిరిగే బండికి అదనపు చక్రం మోసుకు తిరగవలసిన అగత్యం తక్కువ. దూరాలు తిరిగింది పెట్రోలు కారు. కనుకనే దాని పక్కనో, వీపునో చక్రం వేలాడింది. ఆ తర్వాత చక్రం డిక్కీలోకి చేరింది.

చేరినప్పటి నుంచి దాన్ని చిన్నది చేయాలని, వీలైతే తీసేయాలని తయారీదారులు చూస్తూనే ఉన్నారు. ట్యూబులెస్ టైరు రావడం వారికి కలిసివచ్చింది. దానిలో మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, దగ్గరలో దుకాణం దాకా బండి నడిచిపోతుంది. తర్వాత గంటకు 80 కిలోమీటర్లు మించరాదన్న హెచ్చరికతో సన్నపాటి తాత్కాలిక చక్రాలు వచ్చాయి. ఆ తర్వాత అదీ పోయి, ఒక జిగురు సీసా, చిన్న గాలిపంపు మిగిలాయి. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2015లో లెక్క చూస్తే, ఆ ఏటి కార్ల నమూనాల్లో 36 శాతానికి స్పేరు చక్రమే లేదని తేలింది.

మన దేశంలో ఇందుకు చట్టం 2020లో దారి ఇచ్చింది. ట్యూబులెస్ టైర్లు, గాలి పీడనం తెలిపే వ్యవస్థ, టైరు మరమ్మతు సామగ్రి, ఈ మూడూ ఉన్న ప్రయాణికుల కార్లకు స్పేరు చక్రం అక్కరలేదని కేంద్రం ఆ ఏడాది మోటారు వాహనాల నియమాలను సవరించింది. అక్టోబరు 1 నుంచి అమలు చేసింది. మిగిలిన చోటు విద్యుత్ కార్లలో పెద్ద బ్యాటరీలకు ఉపయోగపడుతుందని కూడా చెప్పారు. తయారీదారు తరఫున ఈ వాదన సబబే. విద్యుత్ కారులో నేల కిందంతా బ్యాటరీయే. వెనక మోటారు ఉంటే డిక్కీ అడుగున గుంట కూడా ఉండదు. 20 కిలోలు తగ్గితే ఆ మేరకు ఖర్చూ తగ్గుతుంది.

ప్రయాణికుడి తరఫున చూస్తే లెక్క మారుతుంది. జిగురు సీసాలోని ద్రవం టైరు నేలకు ఆనే భాగంలో పడిన చిన్న రంధ్రాన్నే పూడుస్తుంది. టైరు పక్కగోడ చిరిగితే దానికి చేతకాదు. సీసాకు గడువు తేదీ కూడా ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో దాని సంగతి ఎవరూ చూడరు. పైగా విద్యుత్ కార్ల టైర్లు కొన్నింటిలో చప్పుడు తగ్గడానికి లోపల నురుగు పొర అంటిస్తారు. జిగురు దానిలోకి ఇంకితే రంధ్రం దాకా చేరడం కష్టం, తర్వాత మరమ్మతు చేసేవాడికీ తలనొప్పి.

ఇంకొకటి. పెట్రోలు కారును తాడు కట్టి లాక్కుపోయినట్లు విద్యుత్ కారును లాక్కుపోకూడదు. మోటారుతో తిరిగే చక్రాలు నేలమీద దొర్లితే మోటారు విద్యుత్తు పుట్టిస్తుంది, అది చెడిపోయే ప్రమాదం ఉంది. అందుచేత బండి మొత్తాన్ని ఎత్తి పెట్టుకుపోయే వాహనం రావాలి. అంటే ఒక్క చక్రం పోతే పెట్రోలు కారు కన్నా విద్యుత్ కారే ఎక్కువ నిస్సహాయమవుతుంది. అదనపు చక్రం ఎక్కువ అవసరమైన బండిలోనే అది మాయమైందన్నమాట.

నిరుడు మన్ననూరు దాటి శ్రీశైలం వైపు నల్లమల దారిలో వెళ్తుండగా ఒక కొత్త విద్యుత్ కారు రోడ్డు పక్కన ఆగి ఉండటం చూశాను. వాన కోసిన రోడ్డు అంచున రాయి తగిలి టైరు పక్కగోడ చిరిగింది. భార్యాభర్తలు, ఒక ముసలావిడ, ఇద్దరు పిల్లలు. జిగురంతా చిరుగులోంచి తెల్లగా కారిపోతోంది. ఫోను పలకదు. అప్పటికే సాయంత్రం కావస్తోంది. రాత్రివేళ ఆ అడవిలో వాహనాలను అనుమతించరు. ఒక లారీ డ్రైవరు దిగి వచ్చి, "స్టెప్నీ ఏది సార్?" అన్నాడు. లేదన్నారు. "డిక్కీలో చూడండి, కింద ఉంటది," అన్నాడు. కంపెనీవాళ్ళే ఇవ్వలేదంటే అతను నమ్మలేదు, తనే వెళ్ళి డిక్కీ నేల ఎత్తి చూశాడు. చివరికి ఆ ముసలావిడనూ పిల్లలనూ నా కారులో మన్ననూరు చేర్చాను. భార్య మాతో వచ్చింది. ఆయన బండి దగ్గరే ఉండి, రాత్రి చాలా పొద్దుపోయాక వచ్చిన వాహనంలో తిరిగివచ్చారని తర్వాత తెలిసింది.

నా విద్యుత్ కారుకూ కంపెనీ చక్రం ఇవ్వలేదు. నేను విడిగా కొనుక్కుని పెట్టుకున్నాను. పెట్టుకోదలచినవారు చూసుకోవలసినవి ఇవి. రిమ్ము నట్ల కొలత, మధ్య రంధ్రం మన బండికి సరిపోవాలి. సన్నపాటి చక్రమైతే బ్రేకులకు తగలకుండా తిరుగుతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూసుకోవాలి. దాని మీద రాసిన బరువు మన బండికి చాలాలి, విద్యుత్ కారు అదే పరిమాణం గల పెట్రోలు కారు కన్నా బాగా బరువు. ఆ బరువును ఎత్తగల జాకీయే కొనాలి. జాకీని పుస్తకంలో చూపిన స్థానాల్లోనే ఆనించాలి. నేల మధ్యలో ఆనిస్తే ఎత్తేది బండిని కాదు, బ్యాటరీని. పొడుగు పిడి గల పానా, చక్రం దొర్లకుండా అడ్డం పెట్టడానికి రెండు కొయ్యదిమ్మలు, ఒక లైటు ఉంటే చాలు. చక్రం కదలకుండా బెల్టుతో కట్టేయాలి, లేకపోతే గట్టిగా బ్రేకు వేసిననాడు అది డిక్కీలో ఆగదు. స్పేరు చక్రంలో గాలి నెలకోసారి చూడాలి. గాలి లేని స్టెప్నీ ఉన్నా లేనట్లే.

ఇదంతా కలిపి 20 కిలోలకు అటూ ఇటూ. టన్నున్నర దాటిన బండిలో ఆ బరువు వల్ల తగ్గే దూరం లెక్కలోకి రాదు. పోయేది డిక్కీలో ఒక పెట్టె పట్టే చోటు. నగరం దాటని వారికి ఆ చోటే ముఖ్యం కావచ్చు, వారికి జిగురు సీసా చాలు. ఊళ్ళు తిరిగేవారి సంగతి వేరు. నూట ఇరవై ఏళ్ళ కిందట లనెల్లి అన్నదమ్ములు చేసిన మేలు ఒక్కటే: దారిలో ఆగిన మనిషి ఎవరికోసమూ ఎదురుచూడకుండా తన బండిని తానే కదిలించుకోగలగడం. చక్రాన్ని తీసేసి ఇచ్చిన ఫోను నంబరు ఆ పని చేయదు, సిగ్నలు లేనిచోట అసలే చేయదు. విద్యుత్ కారు కొనబోయే మిత్రులు చార్జికి ఎంత దూరం వస్తుందని అడిగినప్పుడే స్టెప్నీ ఉందా అని కూడా అడగండి. పదిమంది అడిగితే ఇవ్వడం మొదలుపెడతారు.

స్టెప్నీకి అచ్చతెలుగు మాట ఒకటి కల్పించాలని నాకు ఇన్నాళ్ళూ ఉండేది. ఇప్పుడు లేదు. వేల్సులోని ఒక చిన్న ఊరి వీధి పేరు మన లారీ డ్రైవర్ల నోట బతికి ఉండటమే నాకు బాగుంది. మీ ప్రాంతంలో ఇంకేదైనా పేరుతో పిలుస్తుంటే మాత్రం తప్పక తెలియజేయగలరు.