రబ్బరు సీళ్లకు కందెన ఎంపిక

యంత్రాల్లో నూనె, నీరు, గాలి కారిపోకుండా ఆపే ఓ-రింగ్, ఆయిల్ సీల్ వంటి రబ్బరు భాగాలకు హాని చేయని నూనెను లేదా గ్రీజును ఎంచుకోవడం. రబ్బరంటే ఒకే పదార్థం కాదు, చిక్కంతా అక్కడే. రసాయన స్వభావంలో తనకు దగ్గరైన నూనెను రబ్బరు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. కొన్ని నూనెలు రబ్బరుకు మెత్తదనాన్నిచ్చే ప్లాస్టిసైజర్‌ను లాగేస్తాయి. అప్పుడు సీల్ కుంచించుకుపోయి గట్టిపడుతుంది.

నైట్రైల్ రబ్బరు పెట్రోలియం నూనెలను తట్టుకుంటుంది. హైడ్రాలిక్ యంత్రాల్లో అది విరివిగా కనిపించడానికి కారణం ఇదే. సహజ రబ్బరు, ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఆ నూనెలకు తాళలేవు. వాహనాల బ్రేకులే ఇందుకు ఉదాహరణ. డాట్ 3, డాట్ 4 బ్రేకు ద్రవాలు గ్లైకాల్ ఈథర్ తరగతివి. వాటికి ఈపీడీఎం సీళ్లు సరిపోతాయి. ఆ ద్రవంలో పొరపాటున ఇంజనాయిల్ కలిస్తే సీళ్లు ఉబ్బి బ్రేకులు పట్టేయవచ్చు, పనిచేయకనూ పోవచ్చు. చేతికందిన గ్రీజు పూసే అలవాటు ఇక్కడ చాలా ప్రమాదకరం.

ఈపీడీఎంకు సిలికోన్ గ్రీజు అనువైనది. అదే గ్రీజు సిలికోన్ రబ్బరుకు మాత్రం పడదు. పేరు కలిసిందని పూస్తే ఉబ్బిపోతుంది. వేడి ఎక్కువగా ఉండేచోట వాడే ఫ్లోరోకార్బన్ రబ్బరు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకు ఖనిజ నూనెలతో నిలుస్తుంది. నీటి పైపుల రింగులకు సబ్బు ఆధారిత కందెన వాడతారు.

సీళ్లు ఎక్కువగా నల్లగానే ఉంటాయి కనుక చూపుతో రకం తేల్చలేం. తయారీదారు పట్టిక దొరకనప్పుడు, అదే రకం సీల్‌ను ఆ నూనెలో కొన్ని రోజులు నానబెట్టి, ముందూ తర్వాతా కొలతలు పోల్చి చూస్తారు.